ఏడిళ్ల వంతు

వేలియా కారు ఎవరింటి ముందు ఆగితే ఆ ఇంట్లో ఎవరికో మతి చెదిరిందని ఇటలీ ఉత్తరపు కొండల్లోని మా త్రవులీస్ అంతా చెప్పుకునేది. మానసిక ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరిన మొదటి వారంలోనే ఆ సంగతి ఆమెకు అర్థమైంది. అప్పటినుంచి పదవీ విరమణ దాకా తన చిన్న తెల్ల కారును మూతబడిన పాలకేంద్రం ముందే నిలిపేది. అక్కడినుంచి ఎవరింటికైనా కాలినడకే. మాది కొండవాలు ఊరు, వీధులన్నీ మెట్లు. చలికాలంలో బూట్లకు ఇనుప పళ్లు తగిలించుకుని ఎక్కేది. "ఎవరింటికమ్మా?" అని అడిగితే, "ఎవరింటికీ కాదు, కాళ్లు పట్టేశాయి" అనేది. ముప్పయ్యేళ్లకు పైగా ఆవిడ కాళ్లు అలా పడుతూనే ఉన్నాయి.

నేను ఆ ఊరి మునిసిపాలిటీలో నివాసుల రిజిస్టరు రాసినవాణ్ణి. పుట్టినవాళ్లను ఎక్కించడం, పోయినవాళ్లను తీసేయడం నా పని. వేలియా, నేను ఒకే బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నాం. ఇప్పుడు ఇద్దరం ముసలివాళ్లమయ్యాం. ఆమె చేసినదాని గురించి ఎవరో ఒకరు రాసి పెట్టాలి కదా అని చాలాకాలం అనుకున్నాను. ఎవరూ రాయలేదు.

ఆమె తండ్రి ఆ పాలకేంద్రంలోనే చీజు కాచేవాడు. పందొమ్మిదో ఏట ఆమె కొండ దిగి జిల్లా పిచ్చాసుపత్రిలో నర్సుగా చేరింది. మొదటి రోజు ఆమెకు అప్పగించిన పని భోజనాలయ్యాక చెంచాలు లెక్కపెట్టడం. ఒక్కటి తగ్గినా అరవై మంది ఆడవాళ్లను గోడవారగా నిలబెట్టి వెతికేవారు. తొమ్మిదేళ్లు లెక్కపెట్టింది. 1978లో పిచ్చాసుపత్రులు మూసేయాలని చట్టం వచ్చింది. ఆ మధ్యాహ్నం వేలియా చెంచాలు లెక్కపెట్టకుండా తొట్టిలో పడేసి ఇంటికి వెళ్లిపోయింది. "నా జీవితంలో నేను చేసిన తిరుగుబాటు అదొక్కటే, దాన్ని కూడా ఎవరూ చూడలేదు" అని నవ్వేది. తర్వాత లోయలో పెట్టిన మానసిక ఆరోగ్య కేంద్రంలో చేరింది. ఆసుపత్రిలోంచి మనుషులను ఒక్కొక్కరినే వాళ్ల వాళ్ల ఊళ్లకు చేర్చడమే ఆ తర్వాత ఆమె ఉద్యోగం.

అయితే ఆ చట్టం తాకని చోటు ఒకటి మిగిలిపోయింది. మతి తప్పిన స్థితిలో నేరం చేసినవాళ్లను ఉంచే జైలు ఆసుపత్రి అది. ఎత్తు గోడలు, జైలు కాపలా, ఊచల కిటికీలు. మా రొమీల్దో అక్కడ ఉన్నాడు.

రొమీల్దో నాకంటే ఏడేళ్లు చిన్న. 1976 భూకంపంలో ఇల్లు కూలిపోయాక, మళ్లీ కట్టుకునేదాకా తల్లి రోసూతెతో రెండేళ్లు గుడారంలో బతికాడు. అక్కడే అతనికి గొంతులు వినిపించడం మొదలైందని రోసూతె అనేది. లోయలో కేంద్రం పెట్టాక వేలియా చూసిన తొలి రోగుల్లో అతనొకడు. కొన్నాళ్లు బాగానే ఉన్నాడు. 1984లో, ఎండుగడ్డి లోపల పెట్టిన వారానికి, పక్కవీధి ప్రీమో గడ్డికొట్టానికి నిప్పు పెట్టాడు. లోపల ఎవరో దాక్కుని తన పేరు పెట్టి పిలుస్తున్నారని అతని బాధ. మనుషులెవరికీ ఏమీ కాలేదు. ఒక దూడ కాలి చచ్చిపోయింది. కోర్టు రెండేళ్లు జైలు ఆసుపత్రిలో ఉంచమంది.

ఆ రెండేళ్లు ఇరవయ్యేళ్లయ్యాయి. గడువు తీరినప్పుడల్లా జడ్జి ఒకటే అడిగేవాడు: ఇతన్ని వదిలిపెడితే ఇంటి దగ్గర చూసుకునేది ఎవరు? జవాబు ఉండేది కాదు. జవాబు లేదు కాబట్టి ఇంకో ఏడాది పొడిగించేవాళ్లు. అతను నెమ్మదించాడని, మందులు పట్టాయని, ఇక అక్కడ ఉండనక్కర్లేదని ఆసుపత్రి డాక్టరే తొమ్మిదో ఏట రాసిచ్చాడు. ఆ తర్వాత కూడా పదకొండేళ్లు పొడిగింపులే.

ప్రతి నెలా మొదటి మంగళవారం వేలియా సెలవు పెట్టి రెండు రైళ్లు మారి అక్కడికి వెళ్లేది. తిండి లోపలికి రానిచ్చేవారు కాదు. అందుకని ఊళ్లో ఎవరైనా పోయినప్పుడు గోడలకు అంటించే చావు కాగితాలను, వారం గడిచాక జాగ్రత్తగా ఊడదీసి మడిచి పట్టుకెళ్లేది. "వాడి ఊళ్లో వాడికి తెలియకుండా ఎవరూ చచ్చిపోకూడదు" అనేది. తల్లి కాగితం కూడా అలాగే అందింది రొమీల్దోకి. మీకెందుకమ్మా ఇంత కష్టం అని అక్కడి కాపలావాడు అడిగితే, "నిప్పు పెట్టకముందు నా రోగి. నిప్పు పెట్టాక ఎవడి రోగి అవుతాడు?" అందట.

2004 మార్చిలో ఒక పొద్దున నా ఆఫీసు తలుపు తోసుకుని వచ్చింది. కోటు కూడా విప్పలేదు. నా బల్ల మీద ఒక కాగితం పెట్టింది.

"దుయీలియో, ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"పైకి చదువు."

చదివాను. పై పేరుగల వ్యక్తి ఈ మునిసిపాలిటీ నివాసి కాడు అని ఉంది. వాళ్ల కేంద్రం పెద్ద డాక్టరు రాసిన ఉత్తరానికి నేను పంపిన జవాబు అది. ఆయన రెండుసార్లు రాశాడు, నేను రెండుసార్లూ అదే జవాబిచ్చాను. ఊరి రిజిస్టరులో లేని మనిషి ఆ లోయ కేంద్రం బాధ్యత కాదు. ఏ లోయ బాధ్యతా కాదు.

"మొన్నటిదాకా మా డాక్టరు మొండితనమనుకుని ఆయన్ని తిడుతున్నాను. నిన్న బీరువా సర్దుతుంటే ఇది దొరికింది" అంది. "రొమీల్దో ఎక్కడున్నాడో నీకు తెలీదా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"అందరితోపాటే."

"మరి కనిపించడం లేదని ఎలా కొట్టేశావు?"

"తొంభై ఒకటి జనగణనలో. ఇంటికి రెండుసార్లు వెళ్లాం, తలుపు తియ్యలేదు. రెండుసార్లు తియ్యకపోతే ఆచూకీ లేదని రాసి తీసెయ్యాలి. పద్ధతి అది."

"తలుపు ఎవరు తియ్యాలి నాయనా? గోరీలో ఉన్న రోసూతె తియ్యాలా, తాళంలో ఉన్న కొడుకు తియ్యాలా?"

నేను ఏదో అన్నాను. నా రిజిస్టరు ఎంత శుభ్రమో పైఆఫీసువాళ్లు మెచ్చుకున్న సంగతి ఎత్తినట్టున్నాను, సిగ్గులేకుండా.

"శుభ్రంగానే ఉంది. మనిషిని కడిగేశావుగా" అంది వేలియా.

అప్పుడు కూర్చుంది. కూర్చున్నాక కోపం తగ్గి గొంతు మామూలైంది. పోయినేడు కొత్తగా ఒక దారి తెరుచుకుందని చెప్పింది. ఇన్నాళ్లూ జడ్జి ముందున్నవి రెండే దారులు, లోపల ఉంచడం లేదా పూర్తిగా వదిలేయడం. ఇప్పుడు కొన్ని షరతుల మీద సొంత ఊళ్లో ఉంచి చూడొచ్చట. మేలో రొమీల్దో గడువు మళ్లీ వస్తుంది. ఈసారి కూడా జవాబు లేకపోతే ఇంకో ఏడాది. అతనికి నలభై ఆరేళ్లు నిండాయి. "పోయినసారి నన్ను ఒకటి అడిగాడు దుయీలియో. నేను పోతే నా కాగితం ఏ ఊరి గోడకి అంటిస్తారు అని."

ఆ మధ్యాహ్నమే దిద్దుబాటు రాశాను. తప్పు ఆఫీసుది, సంతకం చేసిన గుమస్తాకు ఆ మనిషి ఎక్కడున్నాడో మొదటినుంచీ తెలుసు అని. తెలుసు అన్న మాట తీసేయమని మేయరు బతిమాలాడు. అది తీసేస్తే దిద్దడానికి ఆధారమే ఉండదు. పైఆఫీసు నుంచి నాకు రావలసిన మందలింపు వచ్చింది, ఫైల్లో పడింది. దాని గురించి ఇంతకంటే రాయవలసింది లేదు.

రొమీల్దో మళ్లీ మా ఊరివాడయ్యాడు. పెద్ద డాక్టరు ఇక కాదనలేకపోయాడు. "బాధ్యత మనదే, ఒప్పుకుంటాను. కానీ పద్నాలుగు ఊళ్లకి నర్సులు ఇద్దరు. రోజూ వాణ్ణి ఎవరు చూస్తారు వేలియా? జడ్జి అడిగేది అదేగా" అన్నాడు. రాత్రీపగలూ మనిషి ఉండే వసతి గృహం లోయలో ఒక్కటీ లేదు.

వేలియా ఆ రోజు లోయనుంచి తిరిగొచ్చి, కారు నిలిపి, చాలాసేపు పాలకేంద్రం మెట్ల మీద కూర్చుంది. నేను ఆఫీసు మూసి వస్తుంటే పిలిచింది.

"మా నాన్న కాలంలో ఎన్నిళ్లు పాలు పోసేవి?"

"నలభై పైనే."

"ఒక్క ఇంటివాళ్లు రోజూ చీజు చెయ్యగలరా?"

"ఎలా చేస్తారు? ఒక ఇంటి పాలు కాగు అడుగుకి కూడా రావు."

మా దగ్గర పద్ధతేమిటంటే, అందరి పాలూ ఒకే కాగులో పోసేవాళ్లు. ఒక రోజు అయిన చీజంతా ఒక ఇంటిది, మర్నాటిది ఇంకో ఇంటిది. ఎవరి వంతైతే వాళ్లు ఆ రోజు కట్టెలు మోయాలి, కాగు దగ్గర నిలబడాలి, వేలియా తండ్రికి భోజనం పెట్టాలి. పది ఆవులున్న ఇంటికి వంతు తరచు వచ్చేది, ఒక్క ఆవున్న ముసలమ్మకు ఏడాదికి రెండుసార్లు వచ్చేది. కానీ అందరికీ వచ్చేది.

"వారానికి ఏడు రోజులు. ఏడిళ్లు చాలు" అని వేలియా లేచింది.

మొదట వెళ్లింది రోసూతె ఇంటికి ఎదురుగా ఉండే ఆర్మిదత్త దగ్గరికి. అప్పటికే ఆవిడకు డెబ్భై నాలుగు. ఒంటరిది. నోరు మాత్రం నలుగురికి సరిపడా. సాక్ష్యానికి నన్ను కూడా వెంట తీసుకెళ్లింది వేలియా.

"పొద్దున్న పలకరించాలి, మధ్యాహ్నం ఒక పూట భోజనం, మందు వేసుకున్నాడా లేదా చూడాలి, సాయంత్రం కాగితం మీద సంతకం. అంతే అత్తా."

"బుధవారం రాయి."

"కాస్త ఆలోచించుకుని..."

"ఆలోచించే చెబుతున్నా. మంగళవారం సంత. గురువారం చర్చి ఊడవాలి. శుక్రవారం నా కూతురు ఫోను చేస్తుంది, ఆ రోజంతా నాకు ఒళ్లుమంట, ఎవరి మొహమూ చూడను. బుధవారమే ఖాళీ. వాడు ఫ్రీకో తింటాడా ఇంకా? చిన్నప్పుడు ఆ చీజు అట్టు మాడిన అంచులన్నీ గీకి తినేవాడు, వెధవ."

నాలుగు రోజుల్లో ఆరిళ్లయ్యాయి. అందులో ఒకటి మాది, గురువారం. ఇక మిగిలింది ఆదివారం. వేలియా నేరుగా ప్రీమో ఇంటికి నడిచింది. అక్కడికి వద్దని నేను మెట్ల కింద ఆగి చెప్పాను. వినలేదు.

ప్రీమో రంపానికి పదును పెడుతున్నాడు. భార్య పోయి రెండేళ్లయింది. వేలియా చెప్పిందంతా తల ఎత్తకుండా విన్నాడు.

"నా కొట్టం తగలెట్టినవాడికి నేను కూర్చోబెట్టి సంకటి పెట్టాలా?"

"పెట్టక్కర్లేదు. ఇలా చేస్తున్నామని నీకు మొదట తెలియాలి కాబట్టి వచ్చా. ఆదివారానికి వేరే ఇల్లు చూసుకుంటా."

"ఎవరిల్లు?"

"పై వీధివాళ్లని అడుగుతా."

"పై వీధివాళ్లా?" ప్రీమో రంపం పక్కన పెట్టాడు. "వాళ్లు పాలల్లో నీళ్లు పోసినవాళ్లు. మీ నాన్న ఎన్నిసార్లు పట్టుకున్నాడో నీకు తెలీదూ? వాళ్లకా ఇచ్చేది వంతు?"

వేలియా పేర్ల పట్టీ చంకలో పెట్టుకుని మెట్ల వైపు తిరిగింది.

"ఆదివారం నాకు రాయి" అన్నాడు చివరికి. "కానీ పొయ్యి వాడే వెలిగించాలి. నా ఎదురుగా."

"ఎందుకు ప్రీమో?"

"ఇరవయ్యేళ్ల నుంచి కలలో వాడు నిప్పు పెడుతూనే ఉన్నాడు. మెలకువలో ఒక్కసారి సరిగ్గా పెట్టడం చూడాలి నేను."

మేలో జడ్జిగారు ఆ పట్టీని అటూ ఇటూ తిప్పి చూశారట. అప్పటి జడ్జి ఒకావిడ, మైదానాల మనిషి. ఏడు పేర్లు, ఏడు రోజులు, ఏడు సంతకాలు. ఇదేమిటని అడిగితే వేలియా పాలకేంద్రం పద్ధతి మొత్తం చెప్పింది, ఎవరి కట్టెలు ఎవరు మోసేవాళ్లో సహా. జడ్జి విని ఆరు నెలలు ఇచ్చింది. రోజూ సాయంత్రం వంతు ఇంటివాళ్ల సంతకం పడాలి. ఒక్క రోజు తప్పినా షరతు తప్పినట్టే, మళ్లీ లోపలికే. ఆర్డరులో అలాగే ఉంది.

రొమీల్దో పాలకేంద్రం ముందు కారు దిగాడు. బక్కచిక్కి, జుట్టు నెరిసి, చేతిలో ఒక సంచితో. మేం పది మందిమి అక్కడ ఉన్నాం, ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. అతనే ఒక్కొక్కరి దగ్గరికి వచ్చి పోయినవాళ్ల పేర్లు చెప్పి పలకరించాడు. "మీ అన్న పోయాడుగా, ఫిబ్రవరిలో." "మీ అత్తగారు తొంభై ఒకటి నిండి పోయారు, మంచి వయసే." ఇరవయ్యేళ్లు ఊళ్లో లేని మనిషి ఊరి చావులన్నీ తేదీలతో చెబుతుంటే కొందరు టోపీలు తీశారు. ఆ రాత్రినుంచి తల్లి ఇంట్లోనే ఉన్నాడు.

మొదటి ఆదివారం ప్రీమో ఇంట్లో మూడు అగ్గిపుల్లలు విరిగాయి. నాలుగోది వెలిగింది కానీ పొయ్యి రాజుకోలేదు.

"కట్టె పచ్చిది, నీ తప్పు కాదు" అన్నాడు ప్రీమో. తర్వాత మాతో చెప్పినప్పుడు మాత్రం, కట్టె ఎండుదేనని, ఎందుకలా అన్నాడో తనకే తెలియదని చెప్పాడు.

పాలకేంద్రం తలుపుకు కొట్టిన మేకుకు సంతకాల కాగితం వేలాడేది. వేసవి గడిచింది. ఇళ్ల మధ్య పోటీ మొదలైంది. సోమవారం వాళ్లు మాంసం పెట్టారని తెలిసి మంగళవారం వాళ్లు కుందేలు కోశారు. "వీణ్ణి నయం చేస్తున్నారా, పండక్కి మేపుతున్నారా?" అని వేలియా కసిరింది. ఒక రోజు గొంతులు మళ్లీ వినిపించాయి. అతనే వచ్చి మా ఆవిడకు చెప్పాడు, మా ఆవిడ వేలియాకు చెప్పింది, మందు మార్చారు, వారంలో సర్దుకుంది. అదేమీ దాచలేదు, వేలియా తన నివేదికలో రాసింది.

గడువు నవంబరు పదిహేడున. దానికి వారం ముందు, పదో తేదీన, బుధవారం, మెట్ల మీద మొదటి మంచు గడ్డకట్టింది. ఆర్మిదత్త కోళ్లకు గింజలు వేయడానికి దిగి జారింది. కుడి మణికట్టు విరిగింది. పలకరింపు కోసం వస్తున్న రొమీల్దోకే కనిపించింది. ఎత్తుకుని లోపల పడుకోబెట్టాడు, ఊరి డాక్టరుకు ఫోను చేశాడు. డాక్టరు తన కారులో లోయకు తీసుకెళ్లి కట్టు కట్టించి మధ్యాహ్నం వెనక్కి తెచ్చాడు. ఈలోగా రొమీల్దో కోళ్లను మూశాడు, మెట్ల మీద బూడిద చల్లాడు, పొయ్యి వెలిగించాడు, సూప్ కాచాడు. ఆవిడ ఎడమ చేత్తో తినలేకపోతే చెంచాతో తినిపించాడు. ఉప్పు తక్కువైందని, వేడి ఎక్కువైందని ఆవిడ తిడుతూనే తిన్నదట.

మర్నాడు పొద్దున ప్రీమో నా తలుపు బాదాడు. చేతిలో సంతకాల కాగితం ఉంది. బుధవారం గడిలో ఆర్మిద సంతకం లేదు. రొమీల్దో తన సొంత పేరు రాసుకున్నాడు.

"అయిపోయింది. వాడి సంతకం వాడే పెట్టుకుంటే వాణ్ణి చూసుకున్నట్టెలా అవుతుంది?" అన్నాడు ప్రీమో.

వేలియా వచ్చేసరికి ఆర్మిదత్త వంటింట్లో మేం నలుగురం ఉన్నాం. నేను సిగ్గుపడుతూనే ఒక మాట అన్నాను. కొత్త కాగితం రాద్దాం, ఆర్మిదత్త ఎడమ చేత్తో గీస్తుంది, ఎవరూ పట్టించుకోరు అని. ప్రీమో తల ఊపాడు. ఆర్మిదత్త అప్పటికే కలం అడుగుతోంది.

రొమీల్దో ఒప్పుకోలేదు. "నిన్న అత్త నన్ను చూసుకోలేదు. చూసుకుందని ఎలా రాస్తారు?"

"ఒరే, నిన్ను మళ్లీ అక్కడ పడేస్తార్రా" అంది ఆర్మిదత్త.

"వంతు ఇంట్లో మనిషి పడిపోతే ఎదురుగా ఉన్నవాడు ఆ వంతు చేసి, పాలకేంద్రం పలక మీద తన పేరు రాయాలి. మా అమ్మ అలాగే రాసేది. మీ పేరు రాస్తే అబద్ధం అవుతుంది."

నిజమే. పాలకేంద్రంలో పద్ధతి అదే. ఆ పలక చూస్తూ పెరిగినవాళ్లం మేమంతా, మాకు గుర్తు రాలేదు. వేలియా కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "ఉన్నది ఉన్నట్టే పట్టుకెళ్దాం" అంది. బయటికి వచ్చాక మెట్ల గోడ పట్టుకుని నిలబడింది. "ఇప్పటిదాకా నేను తెచ్చినవాళ్లలో ఒక్కరు కూడా వెనక్కి వెళ్లలేదు దుయీలియో" అంది. ఆ మాట గొప్పకు అన్నది కాదు, భయంతో అన్నది. కానీ విన్న నాకు మాత్రం గర్వంగానే అనిపించింది.

పదిహేడున ఇంకా తెల్లవారకుండా నలుగురం బయల్దేరాం. వేలియా, రొమీల్దో, ప్రీమో, నేను. ప్రీమో పెళ్లినాటి కోటు వేసుకున్నాడు, బొత్తాలు పట్టలేదు. తన తరఫున జడ్జికి చెప్పమని ఆర్మిదత్త ఒక కబురు పంపింది: చెయ్యి బాగవగానే ఏడాదికి సరిపడా సంతకాలు ఒకేసారి పెట్టి పంపుతానని. అది చెప్పొద్దని దారిపొడుగునా వేలియా మమ్మల్ని హెచ్చరిస్తూనే ఉంది.

గది చిన్నది. జడ్జి కాగితాలు తిరగేసింది. నూట ఎనభై పైచిలుకు సంతకాలు. ఆఖరి పుట దగ్గర ఆగింది.

"పదో తేదీ. ఇది ఎవరి సంతకం?"

"నాదండీ" అన్నాడు రొమీల్దో.

"ఆ రోజు పేరు ఆర్మిద అని ఉంది."

"వంతు ఆవిడదేనండీ. మెట్ల మీద పడింది. పడ్డవాళ్ల వంతు ఎదురుగా ఉన్నవాళ్లు చెయ్యాలి. ఎదురుగా ఉన్నది నేనే."

"నువ్వు చెయ్యడమంటే?"

అతను చెప్పాడు. డాక్టరు, కోళ్లు, బూడిద, పొయ్యి, సూప్. ఏ గంటకు ఏది చేశాడో వరసగా.

"పొయ్యి నువ్వే వెలిగించావా?" జడ్జి ఫైలు మొదటి పుట వైపు చూసింది. అక్కడేం ఉందో మాకందరికీ తెలుసు.

"నేనేనండీ. ఆదివారాలు ఈయన ఎదుట వెలిగిస్తున్నాను."

జడ్జి ప్రీమో వైపు చూసింది. "మీరు?"

"కొట్టం నాదేనండీ" అన్నాడు ప్రీమో లేచి నిలబడి. "ఇప్పుడు పొయ్యి బాగానే వెలిగిస్తాడు. నాకంటే తక్కువ కట్టెతో."

ఆమె మళ్లీ రొమీల్దోను అడిగింది. "ఇదంతా సరే. షరతు ఏమిటో నీకు తెలుసు కదా. ఆ రోజు నిన్ను ఎవరు చూసుకున్నారు?"

రొమీల్దో నిజంగానే ఆలోచించాడు. వేలియా కళ్లు మూసుకుంది.

"ఎవరూ చూసుకోలేదండీ. ఎవరికీ తీరిక లేదు."

జడ్జి తల వంచి చాలాసేపు రాసింది. తర్వాత చదివి వినిపించింది. ఆ భాష నేను ముప్పయ్యేళ్లు రాసిన భాషే, అయినా సగమే అర్థమైంది. ఆఖరి వాక్యం మాత్రం అందరికీ అర్థమైంది. ప్రమాదం లేదని తేలింది కాబట్టి కట్టడి నేటితో రద్దు. షరతులు లేవు. రొమీల్దో వేలియాను అడిగాడు, "అంటే ఇక ఏడాది కూడా కాదా?" అని. "కాదు. ఇంకెప్పుడూ ఎవడూ అడగడు" అంది వేలియా. ప్రీమో బొత్తాలు పట్టని కోటులోంచి గుడ్డ తీసి ముక్కు చీదుకున్నాడు, చాలా గట్టిగా.

ఇక పట్టీ అక్కర్లేదని వేలియా ఆ సాయంత్రం ఊరికి చెప్పింది. మేకుకున్న కాగితం తీసేయబోతే ఆర్మిదత్త కట్టు కట్టిన చేత్తోనే అడ్డుపడింది.

"కోర్టు కట్టడి కోర్టు తీసేసింది. నా బుధవారం తియ్యడానికి నువ్వెవరే?"

"అత్తా, ఇప్పుడతను తన ఇంట్లో తను వండుకోగలడు."

"వండుకోమను. మరి వాడి వంతు ఎప్పుడు?"

ఆ ప్రశ్నతో గోల మొదలైంది. రొమీల్దోకు ఇల్లుంది, పొయ్యి ఉంది, చేతులున్నాయి. ఇల్లున్నవాడికి వంతు ఇవ్వకపోవడం మా ఊళ్లో అవమానం. అప్పుడు ఎనిమిది ఇళ్లవుతాయి, వారానికి రోజులేమో ఏడే. నా గురువారం నేను వదలనని మా ఆవిడ, మా సోమవారం మేం వదలమని వాళ్లు. వారానికి ఇంకో రోజు కలపమని మేయరుకు అర్జీ పెడదామన్నాడు ప్రీమో. చివరికి వేలియానే తేల్చింది. వారం సంగతి వదిలేసి, ఇల్లు తర్వాత ఇల్లు అలా తిరుగుతూ పోవడమే. వంతు వచ్చిన ఇంటివాళ్లు మిగిలినవాళ్లలో ఎవరు ఒంటరిగా ఉన్నారో చూసి, వాళ్లను ఆ రోజు భోజనానికి పిలవాలి. రొమీల్దో పేరు ఎనిమిదోది.

వేలియా ఆ తర్వాత ఇంకో పదకొండేళ్లు పనిచేసింది. ఆ జైలు ఆసుపత్రినుంచి మా లోయ ఊళ్లకు మరో నలుగురిని తెచ్చింది. ప్రతి ఊళ్లోనూ మొదట పట్టీ రాయించేది, ఆ తర్వాతే జడ్జికి ఉత్తరం రాసేది. ఆ ఆసుపత్రులను చివరికి మూసేసినప్పుడు మా లోయవాడు ఒక్కడు కూడా లోపల లేడు. ఆ సంగతి ఏ పత్రికలోనూ రాలేదు. వచ్చి ఉంటే ఆమె కారు మళ్లీ ఎక్కడ నిలపాలా అని ఇబ్బంది పడేది.

రొమీల్దో మొదటి వంతు నవంబరు ఆఖరులో వచ్చింది. అతను ప్రీమోను పిలిచాడు. ప్రీమో రోసూతె ఇంట్లో కూర్చుని రెండు పళ్లేల సంకటి తిని, మాటలు ముగించుకుని, చీకటి పడకముందే ఇంటికి వచ్చాడు. ఎలా ఉందిరా అని అడిగితే, ఉప్పు కాస్త ఎక్కువైంది, వచ్చేసారి చెబుతా అన్నాడు.